ఏ ఒంటికి ఏ మర్దన: ఇంట్లో చేసే పద్ధతి, ఫలితాలు, హద్దులు

ధర్మవరంలోనో ఎమ్మిగనూరులోనో గుంత మగ్గం మీద పొద్దుటి నుంచి కూర్చున్న నేతగానికి సాయంత్రమయ్యేసరికి పట్టేసేది పుర్రె అడుగు నుంచి భుజం దాకా పరచుకున్న కండ. ఒక చేయి నాడె తాడును వేలసార్లు లాగుతుంది, రెండో చేయి పన్నెను గుద్దుతుంది, తల మాత్రం పోగుల మీదికి వంగి అలాగే నిలిచిపోతుంది. వేరుశనగ పీకే రోజుల్లో కూలికి పోయిన ఆడమనిషికి పట్టేది నడుము, తొడల వెనుక కండలు. బేతంచెర్ల దగ్గర బండలు ఎత్తి లారీకి వేసే హమాలీకి పట్టేది వెన్నుకు రెండు పక్కలా నిలువునా సాగిన కండలు, ముంజేతులు. ముగ్గురూ ఇంటికి వచ్చి కాస్త ఒళ్ళు పట్టమనే అడుగుతారు. పట్టేవారు కూడా ముగ్గురికీ ఒకే తీరున పడతారు: నూనె పోస్తారు, బలం కొద్దీ ఒత్తుతారు, నొప్పి పుట్టిందంటే పని జరుగుతోందని అనుకుంటారు. ఈ రాయలసీమ జిల్లాల్లో ఫిజియోథెరపీ చేస్తూ నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలయ్యాయి. మర్దనకు చేతి బరువే మోతాదు. ఎక్కడ, ఎంత బరువుతో, ఎంతసేపు అన్న మూడు సంగతులు తెలిస్తే, ఆ పద్ధతి పేరు స్వీడిష్ అయినా థాయ్ అయినా అమ్మమ్మ నేర్పినదైనా ఒంటికి మేలే చేస్తుంది. ఆ మూడూ తెలియకపోతే ఎంత ఖరీదైన తైలం వాడినా ప్రయోజనం ఉండదు.

చేయి తాకితే ఒంట్లో ఏం జరుగుతుంది

గడపకు కాలు తగిలితే చేయి తనంతట తానే పోయి ఆ చోటును రుద్దుతుంది. ఇది ఎందుకు ఉపశమనమిస్తుందో వివరిస్తూ 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నొప్పి కబురు మెదడుకు చేరే దారిలో వెన్నుపాము దగ్గర ఒక తలుపు వంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శను, ఒత్తిడిని మోసే లావుపాటి నరాల నుంచి వచ్చే సంకేతాలు ఆ తలుపును కొంత మూసి, సన్నని నరాల వెంట వచ్చే నొప్పిని అడ్డుకుంటాయనీ వారు చెప్పారు. తరువాతి పరిశోధనలు వివరాలను చాలా సవరించినా, స్పర్శ నొప్పిని తగ్గించగలదన్న మూలసూత్రం మాత్రం నిలిచే ఉంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. వెంట్రుకలున్న చర్మంలో మెల్లని నిమురుడికి మాత్రమే బాగా స్పందించే సన్నని నరాలు ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో చేయి కదిలినప్పుడు అవి చురుగ్గా పని చేస్తాయి. నిద్రపోని బిడ్డ వీపును తల్లి నిమిరే వేగం సరిగ్గా అదే. ఆ స్పర్శతో ఊపిరి నిదానమవుతుంది, గుండె వేగం కొంత తగ్గుతుంది, బిగిసిన కండ తన పట్టును కాస్త వదులుతుంది. మర్దన తరువాత బాగా నిద్ర పట్టిందని చాలామంది చెప్పేది ఈ కారణంగానే. రుద్దిన చోట చర్మం ఎర్రబడి వెచ్చబడడం అక్కడి సన్నని రక్తనాళాలు విచ్చుకున్నందువల్ల జరుగుతుంది.

చేయనివి కూడా చెప్పాలి. మర్దన వల్ల ఒంట్లోని విషాలు బయటికి పోతాయని ప్రకటనల్లో రాస్తారు. ఆ పని మూత్రపిండాలదీ కాలేయానిదీ, చేతులది కాదు. కష్టపడి పనిచేసిన మరునాడు వచ్చే ఒళ్ళు నొప్పులకు కండల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం కారణమని, దాన్ని పిసికి పంపాలని వ్యాయామశాలల్లో చెబుతుంటారు. నిజానికి రక్తంలో పెరిగిన లాక్టేట్ పని ఆపిన గంట లోపే దాదాపు మామూలు స్థాయికి వస్తుంది. అలవాటు లేని శ్రమ తరువాత 24 నుంచి 72 గంటల మధ్య ముదిరే నొప్పి, కండపోగుల్లో ఏర్పడిన సూక్ష్మమైన గాయాల వల్లా వాటి వాపు వల్లా వస్తుంది. మర్దన ఆ నొప్పి బాధను కొంత తగ్గిస్తుంది, కానీ గాయాన్ని తానే మాన్పదు. ఏడాదికొకసారి పంటకోతకు దిగిన మనిషికి మూడో రోజున తొడలు కదలనివ్వకపోతే ఆందోళన పడనక్కర లేదు, గట్టిగా పిసకనూ అక్కర లేదు. వెచ్చని నూనెతో మెల్లగా రాసి, మెల్లగా నడిపిస్తే చాలు.

నడుము నొప్పి విషయంలో వైద్యులు కూడా మర్దనను కాదనడం లేదు. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మొదట వేడి కాపడం, మర్దన వంటి మందుల్లేని పద్ధతులను ప్రయత్నించవచ్చని అమెరికా వైద్యుల సంఘం ఒకటి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చేర్చింది. అయితే ఆ ఉపశమనం స్వల్పకాలికం. మళ్ళీ అదే మగ్గం మీద అదే వంపుతో కూర్చుంటే మళ్ళీ అదే నొప్పి వస్తుంది. గంటకొకసారి గుంతలో నుంచి లేచి నాలుగడుగులు వేయడం మర్దనతో సమానమైన వైద్యమని నేను ప్రతి నేతగానికీ చెబుతాను.

ఐదు రకాల చేతి పనులు

ప్రపంచంలో పేరున్న మర్దనల్లో చాలా వాటికి మూలం ఐదు కదలికలే. వాటిని స్వీడిష్ మర్దన పేరుతో అందరూ నేర్చుకుంటారు. 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాలయం స్థాపించిన పెర్ హెన్రిక్ లింగ్ పేరు దానికి ముడిపడింది కానీ, ఈ కదలికలను విడదీసి ఫ్రెంచి పేర్లతో ఒక క్రమంలో పెట్టినవాడు ఆమ్‌స్టర్‌డాంలో వైద్యం చేసిన యోహాన్ మెట్స్‌గర్ అని చెబుతారు. మన ఇళ్ళల్లో వీటికి ముందునుంచే పేర్లున్నాయి: రాయడం, పిసకడం, రుద్దడం, తట్టడం, అదరించడం.

రాయడమంటే అరచేతిని పూర్తిగా ఆనించి పొడవుగా, ఒకే బరువుతో జరపడం. నూనె పరచడానికీ, మొదలుపెట్టడానికీ, ముగించడానికీ ఇదే. పిసకడం చపాతీ పిండి కలిపినట్లు కండను ఎముక నుంచి కొద్దిగా పైకెత్తి నొక్కి వదలడం. భుజానికి, తొడకు, పిక్కకు తగినది. రుద్దడమంటే వేలికొన చర్మం మీద జారకుండా, చర్మంతో పాటే లోపలి కండ మీద చిన్న చిన్న చుట్లుగా తిరగడం. జారే వేలు పైచర్మాన్ని మంట పుట్టిస్తుందే తప్ప లోపలి గట్టితనాన్ని చేరదు. తట్టడం అరచేతిని దొన్నెలా మడిచి తేలికగా కొట్టడం. ఇది మందకొడిగా ఉన్న ఒంటికి చురుకు తెస్తుంది కాబట్టి నిద్రపోవాలనుకునేవారికి వద్దు. అదరించడం వేళ్ళను ఆనించి సన్నగా వణికించడం. అలవాటు లేనివారు దీన్ని వదిలేసినా నష్టం లేదు.

దిశ గురించి తరచూ ఒక సందేహం వస్తుంది. కాళ్ళ సిరల్లో రక్తాన్ని పైకి మాత్రమే పోనిచ్చే కవాటాలుంటాయి, కాబట్టి బరువు పెట్టి చేసే రాపిడి చీలమండ నుంచి తొడ వైపు, మణికట్టు నుంచి భుజం వైపు, అంటే గుండె వైపు సాగాలి. మన అభ్యంగంలో, అంటే ఒంటికి నూనె పట్టించే ఆయుర్వేద పద్ధతిలో మాత్రం వెంట్రుకలు వాలిన దిశలో పై నుంచి కిందికి రాస్తారు. రెండూ గొడవపడే సంగతులు కావు. చేతి బరువు తేలికగా ఉన్నంతసేపు ఏ దిశలో రాసినా హాని లేదు; బరువు పెట్టిన క్షణం నుంచి దిశ గుండె వైపు ఉండాలని గుర్తు పెట్టుకుంటే చాలు.

అభ్యంగం, నూనెలు, నలుగు

నరక చతుర్దశి నాడు, ఉగాది నాడు తెల్లవారుజామున నూనె అంటుకుని కుంకుడుకాయతోనో సీకాయతోనో తలంటుకునే అలవాటు మన ప్రాంతంలో ఇప్పటికీ బతికే ఉంది. ఆయుర్వేదం దీన్ని పండగ పనిగా కాక దినచర్యగా చెప్పింది. ఒళ్ళంతా వీలుకాకపోతే తలకు, చెవుల చుట్టూ, పాదాలకైనా రాయమంది. అజీర్తి ఉన్నప్పుడు, కఫం పట్టినప్పుడు వద్దని కూడా చెప్పింది. ఈ రెండో మాట పాటించడం మాత్రం మనం మరిచిపోయాం: జలుబు, జ్వరం ఉన్న పిల్లవాడికి కూడా పండగ పేరుతో నూనె అంటుతున్నాం.

నూనెల్లో నువ్వుల నూనె ముందు వరసలో ఉంటుంది. అది మరీ పల్చనగా కారదు, మరీ జిగటగా పట్టదు, చేతికి జారుడు బాగా ఇస్తుంది. అనంతపురం ఎండలు 40 డిగ్రీలు దాటే నెలల్లో కొబ్బరి నూనె ఒంటికి హాయిగా ఉంటుంది. ఆముదం ఒక్కటే రాస్తే చేయి కదలదు, కాబట్టి నువ్వుల నూనెలో మూడో వంతు కలపడం మంచిది. పాదాల పగుళ్ళకు మాత్రం ఆముదం ఒక్కటే మేలు. మోకాళ్ళ నొప్పికి మందుల అంగడిలో కొనే తైలాల్లో ఘాటైన దినుసులుంటాయి. మొదటిసారి మోచేతి లోపలి భాగంలో కొద్దిగా రాసి, మరునాటి దాకా దద్దు గానీ మంట గానీ రాకపోతేనే వాడాలి.

నూనె లేని మర్దన కూడా ఉంది. పిండితో కింది నుంచి పైకి పొడిగా రుద్దే పద్ధతిని ఆయుర్వేదంలో ఉద్వర్తనం అంటారు. దానికి వాడే చూర్ణాల్లో మన చేలల్లో పండే ఉలవలకు ప్రధానమైన చోటుంది. పెళ్ళిళ్ళలో పెట్టే నలుగు దీనికి దగ్గరి చుట్టమే. చర్మం మీది మృతకణాలు, జిడ్డు పోతాయి, రుద్దిన చోట రక్తప్రసరణ పెరుగుతుంది. బరువు తగ్గుతారని చెప్పి ఈ మర్దనకు వేలు వసూలు చేసేవారున్నారు. పిండి రుద్దినంత మాత్రాన లోపలి కొవ్వు కరగదు.

పసిబిడ్డల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నీళ్ళు పోసే పెద్దావిడ బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని రాసే తీరు చూడముచ్చటగా ఉంటుంది, బిడ్డ నిద్రకూ తల్లీబిడ్డల అనుబంధానికీ అది మేలే చేస్తుంది. కానీ ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం వెంటనే మానాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే ఒక రకమైన నిమోనియా వస్తుంది. మాడు మీద నొక్కకూడదు, తల గుండ్రంగా రావాలని అదమకూడదు, రొమ్ములు పిండకూడదు. నూనె సంగతికొస్తే, ఢాకాలోని ఒక ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో సోకే జబ్బులు తగ్గినట్లు 2005లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. మన ఇళ్ళల్లో చవకగా దొరికేది వేరుశనగ నూనె. దద్దులతో, గజ్జితో చర్మం చిట్లిన బిడ్డలకు ఆ నూనె రాస్తే తరువాత వేరుశనగ పడకపోవడం అనే ఇబ్బందికి దారి తీయవచ్చని ఇంగ్లండులో జరిగిన పరిశీలన 2003లో సూచించింది. చర్మం బాగున్న బిడ్డకు భయం లేదు, చర్మం చిట్లిన బిడ్డకు మాత్రం వైద్యుణ్ణి అడగనిదే ఏ నూనే వద్దు.

ఇంట్లో వీపు, భుజాలు పట్టే పద్ధతి

నేతపని చేసే భర్తకు భార్య, లేదా తండ్రికి కొడుకు చేయగలిగిన పద్ధతిని ఇక్కడ వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందికి కావలసింది ఇదే.

భోజనం చేసి రెండు గంటలు గడవాలి. మెత్తని పరుపు మీద ఒత్తిన బరువంతా పరుపే మింగేస్తుంది, కాబట్టి నేల మీద చాప వేసి, దాని మీద రెండు మడతల బొంత పరచాలి. మనిషి బోర్లా పడుకున్నాక పొట్ట కింద ఒక పలుచని దిండు, చీలమండల కింద చుట్టిన తువ్వాలు పెడితే నడుము లోపలికి గుంటపడకుండా ఉంటుంది. తల ఒకే పక్కకు తిప్పి పడుకుంటే మెడ పట్టే ప్రమాదముంది. నుదుటి కింద మడిచిన చేతులు పెట్టించి ముఖం నేరుగా కిందికి ఉండేలా చూడాలి. నూనె పొయ్యి మీద కాచకూడదు. చిన్న గిన్నెలో రెండు చెంచాల నూనె పోసి ఆ గిన్నెను వేడినీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి, చుక్కను మీ మణికట్టు లోపలి వైపు వేసుకుని చూడాలి. వేడి అనిపించకుండా వెచ్చగా అనిపిస్తే చాలు.

మర్దన చేసేవారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతులు దాదాపు నిటారుగా ఉంచి, ఒంటి బరువును ముందుకు వాల్చాలి. చేతి కండలతో నొక్కితే ఐదు నిమిషాల్లో మీ బొటనవేళ్ళే నొప్పెడతాయి. ముందుగా రెండు అరచేతులతో నడుము నుంచి భుజాల దాకా రాసి, పక్కల నుంచి తేలికగా కిందికి రావాలి. పైకి వెళ్ళడానికి ఐదారు సెకన్లు పట్టాలి. మనసులో ఆరు దాకా లెక్కపెట్టుకుంటే ఆ వేగం అలవాటవుతుంది. ఇలా పదిసార్లు చేసేసరికి అరచేయి కింద వీపు వెచ్చబడుతుంది, పడుకున్నవారి ఊపిరి నిదానిస్తుంది. ఆ మార్పు రాకముందే గట్టిగా నొక్కడం మొదలుపెడితే కండ ఎదురుతిరిగి బిగుసుకుంటుంది.

తరువాత వెన్నెముకకు రెండు వేళ్ళ దూరంలో, నిలువునా ఉన్న కండ మీద అరచేతి మడమను ఆనించి నడుము నుంచి పైకి నెమ్మదిగా సాగాలి. వెన్నుపూసల గుబ్బల మీద నేరుగా ఎప్పుడూ నొక్కకూడదు. చివరి పక్కటెముకల కింద, నడుముకు ఇరువైపులా ఉన్న మెత్తని చోట లోపల మూత్రపిండాలుంటాయి. అక్కడ పిడికిలితో గుద్దడం, మోచేత్తో నొక్కడం కూడదు. భుజాల దగ్గరికి వచ్చాక మెడకూ భుజానికీ మధ్యనున్న కండను నాలుగు వేళ్ళూ బొటనవేలూ కలిపి పట్టుకుని, ఎత్తి, రెండు సెకన్లు పట్టి వదలాలి. అక్కడ గోళీ అంత గట్టి గడ్డ వేలికి తగులుతుంది. నేతగాళ్ళకు, దర్జీలకు, ఫోన్ చూసే పిల్లలకు కూడా అది ఉంటుంది. దాన్ని నొక్కితే నొప్పి అక్కడే కాక కణత దాకా పాకుతుంది. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి వైద్యం చేసిన జానెట్ ట్రావెల్ ఇలాంటి గడ్డల గురించీ, అవి దూరంగా చూపే నొప్పి గురించీ శాస్త్రీయంగా రాసి పేరు తెచ్చుకున్నారు.

ఆ గడ్డను గిరగిరా రుద్దకూడదు. బొటనవేలి మీద రెండో చేతి వేళ్ళు ఆనించి, పదికి ఐదు వంతుల నొప్పి అనిపించేంత వరకే నొక్కి, కదలకుండా 30 నుంచి 60 సెకన్లు ఉంచాలి. నొప్పి ఎంతో ఆ మనిషే చెప్పాలి, మీరు ఊహించకూడదు. పళ్ళు బిగబట్టినా, ఊపిరి నిలిపినా, కాలివేళ్ళు ముడుచుకున్నా బరువు ఎక్కువైందని అర్థం. సరిగ్గా నొక్కితే ఆ నొప్పి మూడు వంతులకో రెండు వంతులకో తగ్గుతుంది, వేలి కింద గడ్డ మెత్తబడుతున్నట్లు తెలుస్తుంది. ఒక గడ్డకు రెండుసార్లు, ఒక పూటకు మూడు నాలుగు గడ్డలు మించకూడదు. చివర మళ్ళీ మొదటిలాగే పొడవుగా రాసి ముగించాలి. మొత్తం 20 నిమిషాలు చాలు. మరునాడు కొద్దిగా ఒత్తినట్లు అనిపించడం మామూలే. కమిలి నల్లబడితే మాత్రం అది మీ చేతి తప్పు, వారం రోజులు ఆ చోటు ముట్టకండి.

మెడకు వేరే పద్ధతి. కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద దిండు వేసి నుదురు ఆనించుకోమనాలి. పుర్రె అంచు కింద రెండు వైపులా ఉన్న గుంటల్లో వేలికొనలు ఆనించి పైకి నొక్కి పట్టుకుంటే కళ్ళ వెనుక బరువు కూడా దిగినట్లుంటుంది. మెడ ముందు భాగాన్ని, పక్కన నాడి కొట్టుకునే చోటును తాకనే కూడదు. కాళ్ళకు చీలమండ నుంచి మోకాలి దాకా, మోకాలి నుంచి పై దాకా విడివిడిగా చేయాలి; మోకాలి వెనుక గుంటలో రక్తనాళాలు, నరాలు పైపైనే ఉంటాయి, అక్కడ బరువు వద్దు. ఇంట్లో పిల్లలను నడుము మీద ఎక్కించి తొక్కించుకునే అలవాటు మానడం మంచిది. ముప్పై ఏళ్ళ హమాలీకి అది హాయిగానే ఉండవచ్చు, ఎముకలు గుల్లబారిన అరవై ఏళ్ళ మనిషికి వెన్నుపూస నలిగిపోతుంది.

మిగిలిన పద్ధతులు

లోతు కండల మర్దన పైన చెప్పిన దానికి పొడిగింపే. మెల్లగా, తక్కువ నూనెతో, లోపలి పొరలకు దిగుతారు. పాత బెణుకుల్లో స్నాయువుకు అడ్డంగా వేలితో రుద్దే పద్ధతిని బ్రిటిష్ వైద్యుడు జేమ్స్ సిరియాక్స్ ప్రచారంలోకి తెచ్చాడు. ఇవి శిక్షణ పొందినవారు చేయవలసినవి. ఆటగాళ్ళ మర్దనలో సమయమే ముఖ్యం: పోటీకి ముందు చురుగ్గా, తక్కువసేపు, పోటీ తరువాత నిదానంగా, తేలికగా.

థాయ్ మర్దనలో నూనె ఉండదు, ఒంటి మీద బట్టలతోనే చాప మీద పడుకుంటారు, ఒత్తుడుతో పాటు చేసేవారు మన చేతులు కాళ్ళు పట్టి సాగదీస్తారు. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయం దీని బోధనకు ప్రసిద్ధి. యునెస్కో 2019లో దీన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కీళ్ళు బిగుసుకున్న యువకులకు బాగా పనిచేస్తుంది, వెన్నులో డిస్కు జారినవారికి వద్దు. జపానులో తొకుజిరో నమికోషి ప్రచారం చేసిన షియాట్సు అంటే వేలి ఒత్తిడి. ఒక్కొక్క చోట కొన్ని సెకన్లు నేరుగా నొక్కి వదులుతారు. అరికాలిలో ఫలానా చోటు కాలేయానికి, ఫలానా చోటు గుండెకు అని చెప్పే పాద మర్దన గురించి నా అభిప్రాయం స్పష్టం: పాదాలు పట్టించుకుంటే హాయిగా ఉంటుంది, నిద్ర వస్తుంది, అంత వరకు మంచిదే, అరికాలు నొక్కి అవయవాల జబ్బు కుదురుతుందని మందులు ఆపడం ప్రమాదం.

వీటన్నిటిలో అతి తేలికైన చేతిది శోషరస మర్దన. శోషరసమంటే కణాల మధ్య నుంచి సన్నని నాళాల్లోకి చేరే నీరులాంటి ద్రవం (లింఫ్). డెన్మార్కుకు చెందిన ఎమిల్ వోడర్ 1936లో పారిస్‌లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేసి చంకలోని శోషరస గ్రంథులు తీసేసినవారిలో కొందరికి ఆ వైపు చేయి వాస్తుంది. ఆ వాపును చర్మాన్ని మాత్రమే కొద్దిగా సాగదీసే మెత్తని కదలికలతో, పట్టీలతో, వ్యాయామంతో కలిపి తగ్గిస్తారు. అలాంటి చేతిని మామూలు మర్దనలా పిసికితే వాపు పెరుగుతుంది.

చేయి వెనక్కి తీసుకోవలసిన సందర్భాలు

నేను చదువుకునే రోజుల్లో మా పెదనాన్నకు తుంటి ఎముకకు శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి వచ్చిన పది రోజులకు ఆయన కుడి పిక్క వాచి, ముట్టుకుంటే వెచ్చగా, ఎర్రగా ఉంది. మంచం మీదే ఉండడం వల్ల నీరు పట్టిందనుకుని నేనే రెండు రోజులు నూనె రాసి పిసికాను. మూడో రోజు తెల్లవారుజామున ఆయనకు ఊపిరి అందలేదు. కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ ముక్క విరిగి ఊపిరితిత్తికి చేరిందని వైద్యులు చెప్పారు. ఆయన బతికారు, నా చేతులు చేసిన పని మాత్రం నేను మరిచిపోలేదు. ఒకే కాలు వాచడం, వెచ్చబడడం, ఎర్రబడడం, ముఖ్యంగా శస్త్రచికిత్స తరువాత, కాన్పు తరువాత, ఎక్కువ రోజులు మంచం పట్టిన తరువాత కనిపిస్తే, ఆ కాలికి నూనె రాయడానికి కూడా చేయి పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇంకో సంగతి ఫ్లోరైడు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అనంతపురం జిల్లాలోను, కడప, కర్నూలు జిల్లాల్లోని కొన్ని ఊళ్ళలోను బోరు నీళ్ళలో ఆ హద్దు దాటడం పాత సమస్య. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవారికి వెన్నెముక చుట్టూ ఉన్న బంధనాల్లో సున్నం పేరుకుని వెన్ను కర్రలా బిగుసుకుంటుంది, వెన్నుపాము పోయే దారి ఇరుకవుతుంది. పైకి చూస్తే మామూలు నడుము పట్టులాగే ఉంటుంది. అలాంటి మనిషి మెడను, నడుమును మెలితిప్పి సాగదీస్తే కాళ్ళు చచ్చుబడే ప్రమాదముంది. పళ్ళ మీద గోధుమరంగు చారలు, మెడ తిప్పలేకపోవడం, కాళ్ళలో తిమ్మిరి, ఊరి నీళ్ళ చరిత్ర కలిసి కనిపిస్తే తేలికగా రాయడం వరకే పరిమితమై, ఎక్స్‌రే తీయించాలి.

సెలూన్లలో క్షవరం అయ్యాక తల పట్టి మెడను టకీమని విరవడం చాలామందికి ఇష్టం. మెడ ఎముకల రంధ్రాల్లోంచి మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలుంటాయి. ఆ విసురుకు నాళం లోపలి పొర చీలి, అక్కడ గడ్డ కట్టి పక్షవాతం రావచ్చు. తల కడిగేటప్పుడు మెడను ఎక్కువసేపు వెనక్కి వంచడం వల్ల కూడా పక్షవాతం వచ్చిన సంఘటనలను వైద్యులు 1993లోనే నమోదు చేశారు. తలకు మాలీషు చేయించుకోండి, మెడ విరవబోతే వద్దని చెప్పండి.

పడి దెబ్బ తగిలిన చోట వాచి, కదిపితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే అది బెణుకో ఎముక విరగడమో తేలే దాకా పిసకవద్దు. పుత్తూరు కట్టుకు వెళ్ళేవారు కూడా ముందు ఎక్స్‌రే తీయించుకుని వెళ్ళడం మేలు. బెణుకైనా మొదటి రెండు రోజులు మర్దన వద్దు, విశ్రాంతి ఇవ్వాలి, కాలు ఎత్తుగా పెట్టాలి. చాలా ఏళ్ళుగా మధుమేహం ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉండవచ్చు; నూనె వేడి ఎంతో వారు చెప్పలేరు, మీరే చూసుకోవాలి, వేళ్ళ మధ్య పుండ్లు వెతకాలి. రక్తం పల్చబడే మందులు వాడేవారికి లోతు మర్దన కమిలించేస్తుంది. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా పెట్టిన (సిరను ధమనితో కలిపిన) చోట, ఉబ్బిన సిరల మీద, గజ్జి, పుండ్ల మీద, జ్వరం ఉన్నప్పుడు ఏ మర్దనా వద్దు. గర్భిణులకు పొట్ట మీద ఒత్తకూడదు. అయిదో నెల దాటాక వెల్లకిలా కాక ఎడమ పక్కకు పడుకోబెట్టి నడుము, కాళ్ళు మాత్రం తేలికగా రాయవచ్చు. ఆపరేషన్ కాన్పు అయిన బాలింతకు కుట్లు పూర్తిగా మాని, వైద్యురాలు సరేనన్నాకే పొట్ట మీద చేయి పెట్టాలి.

కాళ్ళకు తిమ్మిరి, బలహీనత వచ్చినా, మూత్రం మీద పట్టు తప్పినా, రాత్రి నిద్రలో కూడా నొప్పి వదలకపోయినా, బరువు తగ్గుతున్నా అది మర్దనతో పోయే నడుము నొప్పి కాదు. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో ముందు ఎముకల వైద్యులకు చూపించి, వారు పంపితే ఫిజియోథెరపీకి వెళ్ళాలి. బయట మర్దన చేయించుకునేవారు చేసేవారి చదువు ఏమిటో అడగాలి. మీ జబ్బులు, మందులు ఏమిటని ముందుగా అడగని చేతికి ఒళ్ళు అప్పగించవద్దు.

ఇక మర్దన ముగిశాక మనిషిని వెంటనే లేపకూడదు. పక్కకు తిరిగి, చేయి ఆనించి, నెమ్మదిగా కూర్చుని రెండు నిమిషాలు ఆగాలి. బీపీ మందులు వాడేవారికి ఒక్కసారి లేస్తే కళ్ళు తిరుగుతాయి. నూనె ఒంటి మీద అరగంట ఉంచి, గోరువెచ్చని నీళ్ళతో పెసరపిండి రుద్ది స్నానం చేయించాలి. మన ఇళ్ళల్లో, స్నానాల గదుల్లో పరిచినవి నున్నగా పాలిష్ పట్టిన కడప బండలు. వాటి మీద నూనె కాలు పడితే నిలవదు, మర్దన చేయించుకున్న మనిషే తుంటి విరిగి ఆసుపత్రికి వెళతాడు. అందుకే లేవబోయే ముందు రెండు అరికాళ్ళనూ, వేళ్ళ సందులతో సహా, పొడి తువ్వాలుతో గట్టిగా తుడిచి, గోనెసంచి పట్టా పరిచిన దారిన చేయి పట్టుకుని నడిపించాలి.